హేగ్యూ గారి కొట్టు

ఎక్కువ సరుకు అమ్మిన డీలర్లని కంపెనీలు విదేశాలకి తిప్పుకొచ్చే రోజులవి. మా పేటలో ఎవరికైనా అలాంటి యాత్ర దక్కిందంటే అది ఆ ఇంటి సంగతిగా ఉండేది కాదు. బజారు పొడవునా గుడ్డ బ్యానర్లు కట్టేవారు. చుట్టుపక్కల రైతులు ట్రాక్టర్ల మీద వచ్చి దండలు వేసేవారు. వెళ్ళేముందు కల్యాణమండపంలో ఒక సభ, తిరిగొచ్చాక ఇంకో సభ, రెండింటికీ భోజనాలు. వెళ్ళొచ్చిన ఊరు ఆ మనిషికి ఇంటిపేరైపోయేది. ఎరువులమ్మే ఒకాయన్ని ఇప్పటికీ బ్యాంకాక్ గారంటారు. ఆయన అసలు ఇంటిపేరు అడిగితే ఆ వీధిలోవాళ్ళే తడుముకుంటారు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళల్లో, మిరప కోతలు మొదలయ్యే వేళకి, పేటలోకెల్లా పెద్ద విత్తనాల కొట్టాయనకి హాలండు యాత్ర దక్కింది. కంపెనీవాళ్ళు విందు ఇచ్చే ఊరు పేరు ది హేగ్. ఆ విందులో ఆయన డీలర్లందరి తరఫునా నిలబడి ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడాలి. ఆ మాటలూ, ఆ ఊరి పేరూ నేర్చుకోవడానికి నా దగ్గరకి వచ్చాడు. ఊరి పేరు నేను తప్పు నేర్పాను. తెలిసే నేర్పాను.

ఎందుకు నేర్పానో చెప్పాలంటే పత్తి దగ్గరకి వెళ్ళాలి.

తొంభైల చివర్లో ఒక ఏడు మా నాన్న మార్టూరు రోడ్డు పక్కన నల్లరేగడి కౌలుకి తీసుకుని పత్తి వేశాడు. ఆయనకి చదువు రాదు. ఆదివారం చర్చిలో నేను వాక్యం చదువుతుంటే పక్కన కూర్చుని పెదాలతో నా వెంట అనుకునేవాడు. తర్వాత వారమంతా చేలో పని చేసుకుంటూ దాన్ని పొల్లుపోకుండా వల్లించేవాడు. నేను చదివినదాంట్లో తప్పు ఉండొచ్చనే ఆలోచన ఆయనకెప్పుడూ రాలేదు. నేనప్పుడు గుంటూరులో బి.ఏ. ఇంగ్లీషు చదువుతున్నాను. పేట పక్కనున్న మా పాలెంలో ఆ చదువు చదివిన మొదటివాణ్ణి.

కాయ పట్టే వేళకి పచ్చపురుగు దిగింది. అప్పటికి పురుగుమందులే అమ్మే ఈ కొట్టాయన ఆ ఏడే కొత్తగా వచ్చిన మందు ఇచ్చాడు. డబ్బాతో వచ్చిన తెలుగు కాగితం తడిసి ముద్దయింది. డబ్బా మీద ఉన్నది చీమకాళ్ళంత ఇంగ్లీషు. నాన్న చేనిగట్టు మీద డబ్బా నా చేతికిచ్చి మోతాదు చూడమన్నాడు. చూశాను. చూశాననడం కూడా ఎక్కువే, ఎందుకంటే గుంటూరు బస్సు వచ్చే వేళయింది. ఒక అంకె కనపడింది. మందు కొట్టే పంపుకి ఇంత అని చెప్పి, డబ్బా తిరిగిచ్చి, రోడ్డెక్కేశాను.

పురుగు చావలేదు. రెండోసారి కొట్టినా చావలేదు. పక్క చేను నిలబడింది, మాది పుల్లలై మిగిలింది. నాన్న ఖాళీ డబ్బా, తొలిచిన కాయలు గోనెసంచిలో వేసుకుని పేటకి బయలుదేరాడు. సెలవుకి వచ్చి ఉన్నాను, నేనూ వెంట వెళ్ళాను. కొట్టు నిండా జనం. నాన్న కాయలు తీసి బల్ల మీద పెట్టి, మందు కల్తీదేమోనయ్యా అన్నాడు, గొంతు పెంచకుండానే.

కొట్టాయన నాన్న కంటే చాలా చిన్నవాడు. తల కూడా ఎత్తకుండా, "ఏరా, మోతాదు ప్రకారం కొట్టావా?" అన్నాడు.

"మావాడు చదివి చెప్పాడయ్యా."

"మీవాడు బియ్యే గదూ. ఏదీ, చదవమను. మేమూ వింటాం."

డబ్బా నా చేతికొచ్చింది. మందు పేరు బారెడు పొడుగుంది. దాని కింద, మొదటిసారి నేను దాటేసిన వరుస స్పష్టంగా కనపడింది. మోతాదు లీటరు నీటికి. పంపుకి కాదు. మా పంపులో పది లీటర్లకి పైనే పట్టేది. అంటే నాన్న ఆ పురుగుల మీద కొట్టింది ఇంచుమించు మంచినీళ్ళు. నా కళ్ళు ఆ వరుస మీదే ఉండిపోయాయి. నోరు పేరు దగ్గర ఆగిపోయింది. మొదటి రెండు అక్షరాలు అని, మళ్ళీ అని, మళ్ళీ మొదలుపెట్టాను.

ఏడో తరగతితో బడి మానేసిన కొట్టాయన ఆ పేరంతా ఒక్క ఊపిరిలో అనేశాడు. కొట్టంతా నవ్వింది.

"బియ్యే అంట. డబ్బా పేరుకే నోరు తిరగట్లా. ఈ పండితుడు చెప్పిన మోతాదు కొట్టి, మందు కల్తీ అని నా మీదకొచ్చావా?"

ఆయన మాటలో పొగరుంది, నిజమూ ఉంది. ఆ నిజం నాకు ఆ నిమిషంలోనే తెలుసు. నాన్న కాయల్ని ఒక్కొక్కటిగా సంచిలో వేసుకుని బయటకి నడిచాడు. బజారు మలుపులో నాకు గోలీసోడా కొట్టించాడు. తను తాగలేదు. కొత్త మాట గదా, నోరు తిరగలేదులే అన్నాడు. అప్పుడు చెప్పొచ్చు, తప్పు నాదని. సోడా గొంతులో పడుతుంటే చెప్పలేదు. సీసా తిరిగిచ్చాక కూడా చెప్పలేదు. మందు కల్తీదేనని ఆయన అనుకుంటే అనుకోనీ అని ఊరుకున్నాను.

పగ పట్టడానికి అపకారం జరగనక్కర్లేదని నాకు తర్వాత తెలిసింది. మన తప్పుని నలుగురిలో చూసినవాడు ఉంటే చాలు. మా నాన్నని ఏరా అన్నాడు, పదిమందిలో నవ్వాడు అని నాకు నేను చెప్పుకుంటూ పోయాను. అదీ నిజమే, దానికి నేను కోపగించుకునే హక్కు కూడా ఉంది. కానీ ఆ నిజాన్ని నేను దుప్పటిలా వాడుకున్నాను. దాని కింద లీటరూ పంపూ ఉన్నాయి.

ఎం.ఏ. అయ్యేదాకా బస్సు ఆ కొట్టు ముందు నుంచి వెళ్ళిన ప్రతిసారీ కిటికీలోంచి చూసేవాణ్ణి. కొట్టు పెరుగుతుంటే నాకు లోపల ఏదో పెరిగేది. పత్తి పోయి మిరప వచ్చింది, ఆయన మందులతోపాటు సంకరజాతి విత్తనాల్లోకి దిగాడు, రెండో షట్టరు తీశాడు. నేను రేడియోలో ఇంగ్లీషు వార్తలు పెట్టుకుని ఒక్కో పేరూ నోటికి పట్టించుకునేవాణ్ణి. దేశాల పేర్లు, నదుల పేర్లు, మందుల పేర్లు. అద్దం ముందు నిలబడి అంటుంటే అద్దంలో నా మొహం బదులు ఆయన మొహం ఉండేది. నా ఉచ్చారణ బాగుంటుందని తర్వాత చాలామంది మెచ్చుకున్నారు. అది చదువు మీద ఇష్టంతో వచ్చింది కాదు.

చదువయ్యాక పేట బస్టాండు ఎదురుగా ఒక మేడ మీది గదిలో ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే సెంటరు పెట్టాను. ఆ మెట్లెక్కి ఒక ఉదయం కొట్టాయన వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, నమస్కారం మాస్టారూ అన్నాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. ఆయనకి నేను గుర్తు లేను. ఎవరి అబ్బాయినో ఎవరో చెప్పారట. మీ నాన్న మన కొట్లోనే విత్తనం తీసుకెళ్తాడు, మంచి మనిషి అన్నాడు. ఏరా అన్న నోటితోనే మంచి మనిషి అన్నాడు. అన్నేళ్ళూ నేను పెంచుకున్నదాన్ని ఆయన ఒక్కరోజు కూడా మోయలేదని అప్పుడు అర్థమై ఒళ్ళు మండింది. గుర్తుండి మొండికేసినా అంత మంట పుట్టేది కాదేమో.

రోజూ కొట్టు తెరవకముందు వచ్చేవాడు. శ్రద్ధగా నేర్చుకున్నాడు, ఆ మాట ఒప్పుకోవాలి. బెంచీలో కుర్రవాళ్ళ మధ్య కూర్చోవడానికి సిగ్గుపడలేదు. ఊరి పేరు ముందు ఆ ‘ది’ ఎందుకన్నాడు. గుంటూరుకి లేదు, అద్దంకికి లేదు, లండనుకి కూడా లేదు కదా అన్నాడు. కొన్ని ఊళ్ళకి అది పేరులో భాగంగా వచ్చేసింది, తీసేస్తే పేరు సగమైపోతుంది, వాక్యం నడిమధ్య కూడా వదలకూడదు అని చెప్పాను. కాసేపు ఆలోచించాడు.

"అంటే ఊరికి గారు పెట్టినట్టన్నమాట. ఒట్టి హేగ్ అంటే మర్యాద తక్కువ."

గదంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆయన మాటకి నవ్వు రావడం అదే మొదటిసారి, అది కూడా పగలో కలిసిపోయింది. అంతదాకా ఏం చెయ్యాలో నేను తేల్చుకోలేదు. ఆ మర్నాడు బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలు రాసి, చివర ఉన్న రెండు అక్షరాల కింద గీత గీసి, ఇవి ఊరికే ఉండవు, పలకాలి అన్నాను. ది హేగ్యూ.

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. పేపర్లో హేగ్ అని వేస్తున్నారు గదా మాస్టారూ అన్నాడు. అప్పట్లో ఏదో దేశాన్ని ఏలినాయన్ని అక్కడి కోర్టులో విచారిస్తున్నారని రోజూ వార్త వచ్చేది. ఆ మాట దగ్గర నేను ఆగి ఉండొచ్చు. ఆగిపోవడానికి ఆయనే నాకు దారి చూపించాడు.

"తెలుగు పేపరువాళ్ళకి ఇంగ్లీషు ఎవరు నేర్పారండీ? మీరు వాళ్ళని నమ్ముతారా, నన్నా?"

"ఛ ఛ, మిమ్మల్నే" అన్నాడు.

హేగ్యూ అన్నాడు. ఇంకోసారి అనమన్నాను. గదిలో ఉన్న కుర్రవాళ్ళందరి చేతా అనిపించాను. వాళ్ళకీ తప్పే నేర్పుతున్నానన్న ధ్యాస నాకు లేదు.

వెళ్ళేముందు సభ జరిగింది. మిరపకాయలు కళ్ళాల్లో ఆరబోసి వదిలి రైతులు వచ్చారు. వేదిక వెనక ఆయన నిలువెత్తు బొమ్మ, పక్కన విమానం. నేను రెండో వరసలో, ఆయన మొహం బాగా కనపడేచోట కూర్చున్నాను. మా నాన్న వెనకాల రైతులతో ఉన్నాడు. కొట్టాయనకి ఇంగ్లీషు నేర్పింది మావాడే అని పక్కవాళ్ళకి చెబుతున్నాడని తర్వాత విన్నాను. కొట్టాయన మైకు పట్టుకుని తెలుగులో మొదలుపెట్టి, నేర్చుకున్న ఇంగ్లీషు ముక్కల్ని విందులో చెప్పబోయేవిగా ఇక్కడ చెప్పి చూపించాడు. ‘ది హేగ్యూ’ అన్నప్పుడల్లా గొంతు పెంచాడు. జనం చప్పట్లు కొట్టారు. పేరు కొత్తగా, గొప్పగా ఉంది. వెనకనుంచి ఎవరో, "హేగ్యూ గారికి జై" అన్నారు.

నేను చూస్తున్నది కంపెనీ మేనేజరుని. హైదరాబాదు నుంచి వచ్చాడు, ఇంగ్లీషు వచ్చినవాడు. ఆ పేరు వినపడ్డప్పుడు అతని మూతి ఒక పక్కకి కొంచెం లాగింది. తర్వాత తను లేచి మాట్లాడినప్పుడు, అంత సరుకు అమ్మే డీలరుని తప్పుపట్టడం ఎందుకనుకున్నాడో ఏమో, తనూ ది హేగ్యూ అన్నాడు. నేర్పింది నేనని ఎవరో చెప్పినట్టున్నారు, అంటూ నా వైపు చూశాడు. ఆ చూపు నాకు పాయసంలా దిగింది. ఇక్కడ ఇంతైతే అక్కడెంత అనుకున్నాను.

చివర్లో గురువుగారికి సన్మానం అని నన్ను పిలిచారు. నేను ఊహించలేదు. కొట్టాయన నా భుజాల మీద శాలువా కప్పాడు, వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టబోయాడు. పట్టుకుని ఆపాను. తండ్రి మీద చెయ్యెత్తినవాడు కూడా అంత సిగ్గుపడి ఉండడు. కానీ సిగ్గుపడుతూనే ఆ శాలువా ఇంటికి తెచ్చుకున్నాను. నాన్న దాన్ని మడిచి పెట్టెలో దాచాడు.

ఆయన తిరిగొచ్చాడు. రెండో సభ జరగలేదు. బ్యానర్లు రాయించిన కుర్రవాళ్ళు అడిగితే ఒంట్లో బాగాలేదన్నాడట. జరిగింది నాకు పనిమీద అద్దంకి వెళ్ళినప్పుడు అక్కడి డీలరు ఒకతని వల్ల తెలిసింది. అతను కూడా ఆ యాత్రలో ఉన్నాడు. అక్కడి బస్టాండు టీకొట్టు దగ్గర కథగా చెబుతున్నాడు. విందులో కొట్టాయన లేచి మాట్లాడాడట. అన్ని మాటలూ బాగానే ఉన్నాయట. ఊరి పేరు దగ్గర పక్క రాష్ట్రం డీలరు ఒకతను గట్టిగా నవ్వి, అందరికీ వినపడేలా సరిదిద్దాడట. కొట్టాయన తడబడి, తర్వాతి వాక్యం మరిచిపోయి, థ్యాంక్యూ అని కూర్చుండిపోయాడట. ఆ ఊరి మనిషి ఒకాయన పాపం మర్యాదకి, మేమైతే రెండు రకాలుగానూ అనం అని చెప్పి, గొంతు కాండ్రించినట్టుగా వాళ్ళ భాషలో ఆ పేరు అని చూపించాడట. దాంతో నవ్వు ఇంకా పెరిగింది. ఆ తర్వాత యాత్ర అయ్యేదాకా బస్సులో అందరూ ఈయన్ని హేగ్యూ అనే పిలిచారట.

నేను ఇంకో టీ చెప్పి, ఆ కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకున్నాను. ఎలా నవ్వాడు, ఎవరు నవ్వారు, ఈయన మొహం ఎలా ఉంది అని గుచ్చి గుచ్చి అడిగాను. మా నాన్న కాయలు సంచిలో వేసుకున్న తీరు, ఈయన కుర్చీలో కూర్చున్న తీరు పక్కపక్కన పెట్టుకుని తూచుకున్నాను. సరిపోయింది అనిపించింది. అన్నం రుచిగా తిన్న రోజులవి.

అంతకంటే రుచి ఇంకోటి ఉంది. ఊరికి అదేమీ తెలియదు. సభలో విన్న పేరు ఊళ్ళో పాతుకుపోయింది. మందు కోసం వచ్చే రైతు, మిరపకాయలు తోలే లారీ డ్రైవరు, పక్క కొట్టువాళ్ళు, అందరూ ఆయన్ని హేగ్యూ గారనే అంటున్నారు. మర్యాదగానే అంటున్నారు. వద్దని చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. నేను పనిగట్టుకుని ఆ దారిన నడిచి, ఎవరైనా పిలిస్తే ఆయన మొహం ఎలా మారుతుందో చూసి వచ్చేవాణ్ణి.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అదే నన్ను పట్టించింది.

ఒక మధ్యాహ్నం కళ్ళంలో నాన్న తాలుకాయలు ఏరుతున్నాడు. ఎర్రటి పట్టా పరిచినట్టున్న కాయల్లోంచి రంగు పోయినవి తీసి పక్కన కుప్ప పోస్తున్నాడు. నేను వెళ్ళి ఎదురుగా కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. నాన్న ఆ ఉదయం కొట్టుకి వెళ్ళొచ్చాడు. అక్కడ ఎవరో హేగ్యూ పేరు కథ అద్దంకి నుంచి మోసుకొచ్చి కొట్టాయన ముందే విప్పారట. పేరు తప్పటగదా, నేర్పినవాణ్ణి అడగవేం అని రెచ్చగొట్టారట. దానికి కొట్టాయన, మాస్టారికీ తెలియదు పాపం, ఆయన మాత్రం ఏం చూశాడు, పల్లెటూళ్ళో చదువుకున్నవాడు, తెలిసినంతలో చెప్పాడు అన్నాడట. కొట్లో ఉన్నవాళ్ళు మా నాన్న వైపు చూశారట.

నాన్న ఇదంతా చెప్పి, చేతిలో కాయ తిప్పుతూ అడిగాడు.

"నీకు నిజంగా తెలవదా?"

ఆయన ఏ జవాబు కోసం చూస్తున్నాడో నాకు తెలుసు. తెలియదంటే నేను చదువురాని బియ్యేని. ఊళ్ళో తలెత్తుకుని చెప్పుకున్న కొడుకు చదువు ఉత్తిదైపోతుంది. తెలుసంటే ఇంకేదో. చదువు నిలబెట్టుకోవాలన్న పొగరే నా చేత నిజం చెప్పించింది, నిజాయితీ కాదు.

"తెలుసు నాన్నా. హేగ్ అనాలి. కావాలని తప్పు చెప్పాను. ఆ రోజు నా చేత డబ్బా చదివించి నిన్ను పదిమందిలో నవ్వులపాలు చేశాడు గదా."

నాన్న చేతులు కాయలు ఏరుతూనే ఉన్నాయి. మంచికాయ ఒకటి తాలు కుప్పలో పడింది, చూసుకుని మళ్ళీ తీశాడు.

"తెలవకపోతే బాగుండేది" అన్నాడు.

తర్వాత తల ఎత్తకుండానే మిగతాది చెప్పాడు. పక్క చేను ఆసామి కూడా అదే మందు, అదే కొట్లో తెచ్చాడట. లీటరు లెక్కన కలిపాడట. మేము కొట్టు నుంచి తిరిగొచ్చిన వారంలోనే ఇద్దరూ మాట్లాడుకుంటే తప్పెక్కడుందో నాన్నకి తేలిపోయింది. అన్నేళ్ళుగా ఆయనకి తెలుసు.

"నువ్వు తెలవక చెప్పావు. పిల్లోడు, బస్సు తొందరలో ఉన్నాడు అనుకున్నా. అందుకే నిన్నడగలా. అది పోయింది, పంట పోయినట్టు పోయింది. ఇది అట్టా కాదు. ఆయన నిన్ను నమ్మి నీ మెట్లెక్కాడు. నన్ను సాకు పెట్టుకుని ఇంకెవరి మీదా పగ పట్టమాక."

నన్ను కొట్టి ఉంటే తేలికగా ఉండేది. నేను తన కోసం తీర్చుకున్నాననుకున్న పగ ఆయనకి ఎప్పుడూ లేదు. ఆయనకి ఉన్నది నా తప్పు ఒక్కటే. దాన్ని ఆయన నాకు చెప్పకుండా అన్నాళ్ళూ దాచాడు, శాలువా దాచినట్టే. నన్ను నమ్మి చదివి చెప్పమన్నవాళ్ళు ఇద్దరు. ఒకరికి అజాగ్రత్తతో, ఇంకొకరికి జాగ్రత్తగా తప్పు చెప్పాను.

మర్నాడు శాలువా తీసుకుని కొట్టుకి వెళ్ళాను. జనం తగ్గాక వెళ్దామనుకుని, అదీ ఒక దొంగతనమే అనిపించి, నిండుగా ఉన్నప్పుడే వెళ్ళాను. బల్ల మీద శాలువా పెట్టి, పేరు నాకు తెలుసనీ, తెలిసే తప్పు నేర్పాననీ, డబ్బా సంగతి మనసులో పెట్టుకుని చేశాననీ, ఆ డబ్బా విషయంలో కూడా తప్పు నాదేననీ చెప్పాను. మాటలు అద్దం ముందు సాధన చేసుకున్నవి కావు. మధ్యలో రెండుసార్లు ఆగిపోయాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆయన అర్థంకానట్టు చూశాడు. ఏ డబ్బా అన్నాడు. చెప్పాను. గుర్తు తెచ్చుకోవడానికి నిజంగానే ప్రయత్నించాడు.

"ఆ ఏడు డబ్బాలు పట్టుకుని రోజూ ఎవరో ఒకరు వచ్చారు. అందర్నీ ఏదో ఒకటి అన్నా. నాకు గుర్తు లేదు."

అప్పటిదాకా ఆయన మొహంలో కోపం లేదు. అప్పుడు వచ్చింది. తెలియక నేర్పాడనుకున్నంతకాలం ఆయన నన్ను కాపాడుకొచ్చాడు, అందరి ముందూ వెనకేసుకొచ్చాడు. ఇప్పుడు ఆ మంచితనమంతా ఆయన్నే వెక్కిరించింది. శాలువా నా వైపు తోశాడు.

"అంతమందిలో నిలబడి మాట మరిచిపోతే ఎట్టా ఉంటదో నీకు తెలుసు. తెలిసి చేశావు. పోరా."

మాస్టారు నుంచి ఏరా దగ్గరకి తిరిగి వచ్చాం. ఈసారి ఆ మాటకి నాకు కోపం తెచ్చుకునే వీలు లేదు. శాలువా తీసుకుని వచ్చేశాను.

ఆయన నా మీద ఎక్కడా చెడ్డగా చెప్పలేదు. సెంటరుకి వచ్చే పిల్లలు కొంతమంది మానేశారు, అది కొట్లో విన్నవాళ్ళ వల్ల. హేగ్యూ అని నేర్పిన బ్యాచిని మళ్ళీ కూర్చోబెట్టి, ఆ చివరి అక్షరాలు పలకకూడదని చెప్పాను. ఎందుకు ముందలా చెప్పారు అని ఒకడు అడిగాడు. అప్పుడు తప్పు చెప్పాను అన్నాను, అంతవరకే చెప్పగలిగాను.

కొట్టాయన పగ మెల్లగా బయటపడింది. కొత్త సంకరజాతి విత్తనం కోసం అద్దంకి వైపు నుంచీ, దాచేపల్లి వైపు నుంచీ రైతులు ఆయన కొట్టుకి ఫోను చేసి దారి అడిగేవారు. ఒక రోజు తలపాగా చుట్టుకున్న పెద్దాయన ఒకరు ఆయాసపడుతూ నా మెట్లెక్కి వచ్చాడు. పాఠం మధ్యలో ఉన్నాను.

"బాబూ, హేగ్యూ గారి కొట్టు ఎటు పోవాలి?"

కింద ఎవరినడిగినా చెబుతారు గదా అన్నాను. కాదట. ఫోనులో కొట్టాయనే చెప్పాడట: బస్టాండు ఎదురు మేడ మీద ఇంగ్లీషు మాస్టారు ఉంటాడు, హేగ్యూ గారి కొట్టు ఎక్కడని ఆయన్నే అడగండి, ఆయనకి బాగా తెలుసు.

ఆ తర్వాత ఎవరు వచ్చినా అంతే. విత్తనం కాలం వస్తే మెట్ల మీద చెప్పుల చప్పుడు ఆగేది కాదు. ఆయన వదిలించుకోలేని పేరుని నా గుమ్మం దాకా పంపించేవాడు. నేను ఆయనకి చేసినదాంట్లో ఒక అబద్ధం ఉంది. ఆయన నాకు చేసేదాంట్లో అదీ లేదు. దారి నాకు బాగానే తెలుసు.

మొదట్లో కిటికీలోంచి చెయ్యి చూపించి పంపేవాణ్ణి. పెద్దవాళ్ళు మలుపులో తికమకపడి తిరిగి వస్తున్నారు. అందుకని సుద్దముక్క బల్ల మీద పెట్టి నేనే కిందకి దిగడం మొదలుపెట్టాను. మలుపు దాకా తీసుకెళ్ళి, అదిగో ఆ రెండు షట్టర్లది అని చూపిస్తాను. హేగ్యూ గారిదేనా అని వాళ్ళు మళ్ళీ అడుగుతారు. అవునండీ, హేగ్యూ గారిదే అంటాను. గల్లా దగ్గర నుంచి ఆయన నన్ను చూస్తాడు. రైతు లోపలికి వెళ్ళేదాకా నిలబడి, తిరిగి వస్తాను.